ఫ్రీజర్‌లో దాచే వంటకు ఏ డబ్బాలు వాడాలి: కొత్తగా వచ్చినవారికి జవాబు

నమస్కారమండీ. సెలవు రోజున ఎక్కువగా వండి ఫ్రీజర్‌లో దాచుకోవాలనుకుంటున్నారని, అందుకోసం ప్రత్యేకంగా డబ్బాలు కొనాలా, లేక పెరుగు, ఐస్‌క్రీమ్ అయిపోయాక మిగిలే డబ్బాలు సరిపోతాయా అని అడిగారు. ఖాళీ డబ్బాలు చాలావరకు సరిపోతాయి, కాని వాటిని చల్లటి పనికే పరిమితం చేయాలి. పొయ్యి మీది నుంచి దించిన వంటను వేడివేడిగా వాటిలో పోయకూడదు, గడ్డకట్టినదాన్ని ఆ డబ్బాతోనే మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మొదట్లోనూ చివర్లోనూ వేడి తగలకుండా చూసుకోగలిగితే మీరు కొనవలసినవి కొద్దిగానే ఉంటాయి.

డబ్బా అడుగున చిన్న త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. అది ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతుంది; ఎన్నిసార్లు వాడవచ్చో, ఎంత మంచిదో చెప్పదు. 1 అని ఉన్నది నీళ్ల సీసాల ప్లాస్టిక్, అది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడి వంకరపోతుంది. 2, 4 అంకెల ప్లాస్టిక్కులు గడ్డకట్టే చలిలో కూడా వంగుతాయి కాబట్టి ఫ్రీజర్‌కు బాగా పనికివస్తాయి. పెరుగు డబ్బాలు చాలావరకు 5 రకానివి, అంటే పాలిప్రొపిలీన్. ఇది వేడికి బాగానే ఓర్చుకుంటుంది గాని ఫ్రీజర్ చలిలో పెళుసెక్కుతుంది. పలచటి పెరుగు డబ్బా ఫ్రీజర్ నుంచి తీస్తూ చేయి జారితే పగిలిపోవడానికి కారణం అదే. 6 అని ఉన్నదాన్ని ఈ పనికి వాడకండి. కొన్న డబ్బాల మీద మంచు రేకు గుర్తు ఉంటే, తయారీదారు వాటిని ఫ్రీజర్‌కు పనికివచ్చేలా చేశాడని అర్థం.

గాజు సీసాల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మెడ సన్నగా, భుజాలు వెడల్పుగా ఉన్న సీసాలో ఆ పెరుగుదల పైకి పోవడానికి దారి లేక భుజాల దగ్గర గాజును చీలుస్తుంది. అందువల్ల పచ్చళ్లు, జాములు వచ్చే సీసాలలో అడుగు నుంచి మూతి దాకా నిలువుగా ఒకే వెడల్పున్నవాటినే ఏరుకోండి. పలచటి పదార్థమైతే వెడల్పు మూతి డబ్బాలో కూడా పైన కనీసం ఒక అంగుళం ఖాళీ వదిలి, గడ్డకట్టిన తరువాతే మూత గట్టిగా బిగించండి. ఫ్రీజర్ నుంచి తీసిన గాజును వెంటనే వేడి నీళ్లలో ముంచడం, వేడి పొయ్యి మీద పెట్టడం రెండూ ప్రమాదమే.

ఇంటి నుంచి స్టీలు డబ్బాలు తెచ్చుకుని ఉంటే వాటినీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. అవి చలికి పగలవు, వాసన పట్టవు, మరకలు పడవు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదన్న ఒక్క లోపం తప్ప వాటికి వంక పెట్టలేం.

డబ్బా ఎంత మంచిదైనా లోపల గాలి ఎక్కువగా ఉంటే వంట పాడవుతుంది. పైభాగంలోని మంచు నేరుగా ఆవిరైపోయి, ఆ మేర పదార్థం ఎండి, తెల్లబారి, చప్పబడుతుంది. తింటే ప్రమాదం లేదు గాని రుచి ఉండదు. పెద్ద డబ్బాలో కొంచెం పెట్టడం కంటే, ఒక పూటకు సరిపోయే చిన్న డబ్బాను నిండుగా నింపి, పైన చెప్పిన ఖాళీ మాత్రం వదలడం మంచిది. గుండ్రటి డబ్బాల మధ్య చోటు వృథా అవుతుంది. నలుగురితో పంచుకునే ఫ్రీజర్‌లో మీకు దక్కేది ఒక అరే కాబట్టి ఈ సంగతిని తక్కువగా చూడకండి. చోటు మరీ తక్కువైతే డబ్బా లోపల ఫ్రీజర్ సంచిని పరిచి, వంట నింపి, గడ్డకట్టాక సంచితో సహా పైకి లాగేయండి. ఇటుకలా పేర్చుకోగలిగిన దిమ్మ మిగులుతుంది, డబ్బా మరో వంటకు ఖాళీ అవుతుంది.

నింపే ముందు వంట చల్లారాలి గాని రాత్రంతా గట్టు మీద వదిలేయకూడదు. వండినది గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గడ్డకట్టడం సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుందే తప్ప వాటిని చంపదు. అన్నం విషయంలో మరీ త్వరపడాలి, ఎందుకంటే ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు అందులో ఉండి, గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి వృద్ధి చెందుతాయి. వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే అన్నమైనా కూరైనా త్వరగా చల్లారుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. రెండు మూడు నెలల లోపు తింటే రుచి పెద్దగా తగ్గదు. మంచు కప్పాక అన్ని కూరలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మాస్కింగ్ టేపు మీద పేరు, తేదీ రాసి, డబ్బా చల్లబడకముందే, పొడిగా ఉన్నప్పుడే అంటించండి. తడి మీద అది నిలవదు.

తినే ముందు రోజు రాత్రి డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. తొందరగా కావాలంటే ప్లాస్టిక్ డబ్బా అడుగును కుళాయి నీళ్ల కింద కాసేపు పెడితే దిమ్మ ఊడివస్తుంది, దాన్ని గిన్నెలో వేసి వేడిచేసుకోండి. నూనె నీటి కంటే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, నూనె తేలే కూరను ప్లాస్టిక్‌లో మైక్రోవేవ్ చేస్తే డబ్బా లోపలి గోడ కరిగి గరుకుగా మారుతుంది. గరుకెక్కినవి, గీతలు లోతుగా పడ్డవి, కడిగినా జిడ్డు వదలనివి, మూత వదులైనవి వంటకు వాడడం మానేయండి. పసుపు మరక మాత్రమే ఉంటే పారేయనక్కరలేదు. మూతలో సిలికాన్ పట్టీ ఉన్నవాటికి, వీలైతే ఆ పట్టీని విడదీసి కడగండి, వాసన అక్కడే దాగుతుంది.

ఇక కొనవలసినవంటారా, వేడి తట్టుకునే గాజు డబ్బాలు ఒకే కొలతవి మూడో నాలుగో చాలు. కొలత ఒకటే అయితే ఏ మూతైనా ఏ డబ్బాకైనా సరిపోతుంది. పనికి తీసుకెళ్లి అక్కడి మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే పూటల కోసం అవి ఉంచుకుని, మిగతాదంతా ఖాళీ డబ్బాలలోనే దాచుకోండి.