78 కిలోల మనిషికి పోషకాహార లోపమా?

టవర్‌క్లాక్ (అనంతపురం, ఇప్పుడు బెంగళూరు):
మా అమ్మకు 71. షుగర్ ఉంది, పన్నెండేండ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మోకాళ్లు అరిగిపోయినాయి. ఆపరేషన్‌కు ముందు బరువు తగ్గాలన్నారని నేనే ఫోన్లో చెప్పి రాత్రి అన్నం మాన్పించినా. నాలుగు నెలల్లో 84 నుంచి 78కి వచ్చింది, అందరం సంతోషపడ్డాం. మొన్న ఇంకో డాక్టర్ చూసి, కాలిపిక్కకు టేపు చుట్టి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవమన్నాడు. రెండోసారికే కూలబడింది. చీటీలో 'పోషకాహార లోపం' అని రాసిచ్చినాడు. ఇద్దర్లో ఎవరు రైటు?

ఉగ్గాని బజ్జి:
78కే లోపమైతే 52 కిలోల నన్ను ఐసీయూలో వెయ్యాల.

సంగటి ముద్ద (కడప):
1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడే మొదలైంది ఈ రోగం. మా జేజి ఎనబై ఏండ్లకు కూడా సంగటి, ఊరిబిండి తిని చేనికి పోయేది. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. అందులో ప్రోటీన్ యాడుంది? రాగుల్లో ఉంది. సంగటి పెట్టప్పా, అన్నీ సర్దుకుంటాయి.

లెక్కల సారు:
రాగుల్లో ప్రోటీన్ 100 గ్రాములకు 7 గ్రాములు. బియ్యంలోనూ 7, 8 మధ్యే. రాగులు గెలిచేది కాల్షియంలో. ప్రోటీన్ కావాలంటే పప్పు, అలసందలు, చెనిక్కాయలు, గుడ్డు, పాలు.

సంగటి ముద్ద:
మా జేజి పుస్తకం చూసి తినలేదు సారూ.

కర్నూలు ఫిజియో:
అన్నా, ఇద్దరూ రైటే. తూకం యంత్రానికి కొవ్వేదో కండేదో తెలీదు. వయసు మీద పడేకొద్దీ కండ తగ్గి ఆ జాగాలో కొవ్వు చేరుతుంది, మనిషి మాత్రం చూసేదానికి అట్లే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఈ లోపాన్ని సన్నగా ఉండేవాళ్లలోనే వెతకరు. ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి పడిపోయిందా, తిండి తగ్గిందా, కండ తగ్గిందా అని చూస్తారు. పిక్కకు టేపు చుట్టింది ఆ కండ చూసేదానికే. మీ అమ్మకు 84లో 6 పోయింది, అంటే 7 శాతం. పెద్దవాళ్లు వ్యాయామం లేకుండా ఉత్త తిండి తగ్గించుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఆ కండ లేకుండా కొత్త మోకాలు పెట్టించుకుంటే లేచి నడిచేదెట్లా? ఇంకోటి, మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడేవాళ్లకు బి12 విటమిన్ తగ్గొచ్చు, ఆ పరీక్ష చేయించండి. వయసు మళ్లినవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అంటారు. షుగర్ ఉంది కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష చూపించి డాక్టర్‌ను అడగండి.

లెక్కల సారు:
కిలోకు గ్రాము అంటే ఏ కిలోకు? 78కా? కొవ్వుకు కూడా ప్రోటీన్ పెట్టాలా? ఎత్తుకు తగిన బరువు 58 అనుకుంటే 58 గ్రాములే. ఇరవై గ్రాముల తేడా, మూడు గుడ్ల కన్నా ఎక్కువ!

కర్నూలు ఫిజియో:
సారూ, ఆమె ఇప్పుడు 30 కూడా తింటాందో లేదో. ముందు అది కనుక్కుందాం.

సంగటి ముద్ద:
శనివారం గుడ్డు తినకూడదు. సంగటికి ఆ పేచీ లేదు.

ఉరవకొండ కోడలు:
అందరూ గ్రాములు లెక్కబెడతాండారు. వండేదెవురు? నేను చెప్తా. మా అత్త 80 కిలోలు. మూడేండ్ల కిందట ఇట్లే ఒక డాక్టర్ 'సరిగా తినడం లేదు' అన్నాడు. సాయంత్రానికి వీధంతా తెలిసింది, కోడలు కడుపుకు పెట్టదని. ఆమె తినేది టీలో ముంచుకునే బిస్కెట్లు, మధ్యాన్నం మజ్జిగన్నం. పప్పు వేస్తే పక్కకు తోస్తుంది. టవర్‌క్లాక్ అన్నా, నువ్వు బెంగళూరులో కూర్చోని డైట్ పెట్టిస్తివి. ఆ చీటీ ఎవురి చేతిలో పెడితివి?

టవర్‌క్లాక్:
నేను డబ్బులు పంపడం లేదా? ప్రతి నెలా పంపుతా. ఆపరేషన్ ఖర్చూ నాదే.

ఉరవకొండ కోడలు:
డబ్బుల మాట నేనెత్తలేదే. చీటీ ఎవురికి ఇస్తివి అని అడిగినా.

ఉగ్గాని బజ్జి:
అడ్మిన్ గారూ, కారం ఎక్కువైంది.

సంగటి ముద్ద:
కోడండ్లు వండితే గదా అత్తలు తినేది.

ఉరవకొండ కోడలు:
పెద్దాయనా, మీ జేజికి సంగటి కెలికిచ్చింది ఎవురు? తెడ్డు మీరు పట్టుకున్యారా ఒక్కరోజన్నా?

టవర్‌క్లాక్:
సరే, చెప్తా. చీటీ మా వదిన చేతికే ఇచ్చినారు, అమ్మ పక్కనుండగానే. ఆ రోజు నుంచి వదిన నాతో మాట్లాడలేదు. 'నేను పస్తులు పెడతాండానని రాయించినావు' అని అన్నతో అనిందంట. అందుకే అడిగినా ఇక్కడ. 78 కిలోలకు లోపం ఉండదని ఎవరన్నా చెప్తే ఆ చీటీ తప్పని వదినకు చూపించొచ్చు అనుకున్యా.

కర్నూలు ఫిజియో:
చీటీ తప్పు కాదన్నా. కానీ అందులో వదిన గురించి ఏమీ రాయలేదు కదా. పిక్క గురించి రాసినారు. వదినకు ఆ మాటే చెప్పు, ఫోన్లో వద్దు. అట్లే అమ్మ ఏం తింటాదో ఒక రోజంతా పక్కనుండి చూడు. ఎందుకు తినదో కూడా చూడు.

లెక్కల సారు:
58 సంగతి ఎవరూ తేల్చలేదు.

టవర్‌క్లాక్ (ఆదివారం రాత్రి):
ఊరికొచ్చినా. వదిన అలసందల కూర చేసింది. అమ్మ రసం మాత్రం పిండుకోని తినింది. అలమరలో గ్లాసు కనబడింది, నిరుడు నేను కట్టించిన పళ్లసెట్టు అందులో ఉంది. చిగురు ఒరుసుకోని పుండు పడిందంట, మూడు నెలలుగా పెట్టుకోలేదు. చెనిక్కాయలు, అలసందలు, చపాతీ అన్నీ మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అంత డబ్బు పెట్టి కట్టిస్తివి, చెప్తే బాధపడతావని అంటాది. వదిన పక్కనే నిలబడి విన్నది, లోపలికి పోయి పప్పు మెత్తగా ఎనిపి తెచ్చింది. రేపు పళ్ల డాక్టర్ దగ్గరికి ముగ్గురం పోతాండాం. నాతో ఇంకా మాట్లాడలేదు, ఆటో మాత్రం తనే చెప్పింది.

ఉరవకొండ కోడలు:
మా అత్త గ్లాసు కూడా ఒకసారి చూసొస్తా.

సంగటి ముద్ద:
నేను మొదట్నుంచి అదే కదా చెప్తాండేది. సంగటికి పండ్లు ఏంటికి? మింగేదే కదా.