మకెలెలేను అమ్మడమే రియల్ మాడ్రిడ్ కొంప ముంచిందా?

తెల్లచొక్కా:
స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ రియల్ మాడ్రిడ్ గురించి 2003 వేసవి ప్రస్తావన వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: స్టార్ ఆటగాడు బెక్హామ్‌ని కొన్నారు, డిఫెన్స్ ముందు కాపలా కాసే మిడ్‌ఫీల్డర్ క్లోడ్ మకెలెలేను ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి అమ్మేశారు, దాంతో జట్టు కూలిపోయింది అని. నేను ఒప్పుకోను. ఆ వేసవిలో పోయింది అతనొక్కడేనా? లీగ్ గెలిపించిన కోచ్ దెల్ బోస్కే కాంట్రాక్టు పొడిగించలేదు. కెప్టెన్ హియెర్రోనీ సాగనంపారు. ఇంతమంది ఒకేసారి పోతే నిందంతా ఒక్క మిడ్‌ఫీల్డర్ చుట్టూ తిప్పడం ఏం న్యాయం? పైగా అప్పటికే అతనికి 30 ఏళ్లు, జీతం పెంచమని పట్టుబట్టాడు. గోల్స్ కొట్టడు, పొడుగు పాస్‌లు వేయడు. ఏ క్లబ్ అయినా అమ్మకానికే మొగ్గుతుంది.

నాలుగో నంబర్:
అన్నా, ముందు వయసు సంగతి తేల్చేద్దాం. 30 ఏళ్లకు చెల్సీకి వెళ్లినవాడు అక్కడ ఐదేళ్లు ఆడాడు. 2005, 2006ల్లో వరసగా ప్రీమియర్ లీగ్ గెలిచాడు. 2004-05లో 38 మ్యాచ్‌లకు చెల్సీ ఇచ్చుకున్న గోల్స్ 15 మాత్రమే. 2008లో, 35 ఏళ్ల వయసులో, యూరప్ క్లబ్‌ల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడు.

జీతమంటారా, జట్టులోని స్టార్లు జిదాన్, ఫిగోలకిచ్చే దాంట్లో అతనికి దక్కేది చాలా తక్కువ. వాళ్లు నిశ్చింతగా ముందుకెళ్లింది వెనక ఇతనున్నాడనే కదా, అడిగితే తప్పేముంది?

ఇక పాస్‌ల మాట. పాత మ్యాచ్ ఏదైనా పెట్టుకుని, బంతిని వదిలేసి అతన్నొక్కణ్ణే గమనించండి. ఎడమవైపు డిఫెండర్ రొబెర్తో కార్లోస్ గీత వెంట పైకి దూసుకెళ్తుంటే, ఇతను మెల్లగా ఎడమవైపు జరుగుతాడు. మనవాళ్ల దగ్గర బంతి పోకముందే ఆ ఖాళీలో నిలబడి ఉంటాడు. ఎదుటివాడు తలెత్తి చూసేసరికి దారి మూసుకుపోతుంది. బంతి చిక్కిందా, పక్కనున్న జిదాన్‌కి అందించి మళ్లీ తన చోటికి వెళ్లిపోతాడు. హైలైట్స్‌లో ఇదేదీ కనిపించదు. అందుకే చాలామందికి అతని విలువ తెలియలేదని నాకు ఇప్పటికీ బాధ.

అతను లేని మొదటి సీజన్ చూడండి. 2004 వసంతం దాకా లీగ్‌లో అందరికంటే ముందున్న జట్టు చివరి ఐదు మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానానికి పడిపోయింది. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో మొనాకోపై సొంతగడ్డ మీద 4-2తో గెలిచి, అక్కడికి వెళ్లి రవుల్ గోల్‌తో ముందంజ వేసి కూడా 3-1తో ఓడి ఇంటికొచ్చింది. రెండు మ్యాచ్‌లూ కలిపి 5-5 అయినా, బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన మొనాకోయే ముందుకెళ్లింది.

మైదానం అంచున:
ఆ మొనాకో మ్యాచ్‌లో ఒక గోల్ కొట్టింది రియలే లోన్ మీద, అంటే తాత్కాలికంగా, మొనాకోకి పంపిన సొంత ఆటగాడు మొరియెంతెస్. అది మిడ్‌ఫీల్డ్ తప్పు కాదు, యాజమాన్యం తప్పు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సీజన్లో జట్టులో కాంబియాసో ఉన్నాడు. అదే స్థానంలో ఆడగల కుర్రాడు. 2004లో అతన్నీ ఉచితంగా ఇటలీ క్లబ్ ఇంటర్‌కి వదిలేశారు. 2010లో అతను ఛాంపియన్స్ లీగ్ గెలిచింది ఎక్కడ? మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబేవులోనే. కాబట్టి మకెలెలే ఒక్కడి గురించి కాదు, ఆ పనికే అక్కడ విలువ లేదు.

తెల్లచొక్కా:
యాజమాన్యం తప్పు అంటే నాకూ సమ్మతమే, నేను మొదటినుంచీ అంటున్నది అదే. కానీ ఆ ఐదు ఓటములకు కారణం అలసట. జిదాన్, ఫిగో ఇద్దరూ 31 దాటారు. బెంచి మీద సరైన ఆటగాళ్లు లేరు. మకెలెలే ఉన్నా అలసిపోయేవాడే.

నాలుగో నంబర్:
అలసిన కాళ్లకే అన్నా అతని అవసరం ఎక్కువ! రియల్ మళ్లీ లీగ్ గెలిచింది 2007లో. కోచ్‌గా కాపెల్లో వచ్చి ఎమెర్సన్, మహమదు దియారా అని అలాంటి మిడ్‌ఫీల్డర్లిద్దర్ని తెచ్చి మధ్యలో నిలబెట్టాక. ఆ తర్వాత జిదాన్ కోచ్‌గా 2016, 2017, 2018ల్లో వరసగా ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు డిఫెన్స్ ముందు కాపలా కాసింది కసెమీరో.

జిదాన్ వయసే కారణమైతే 2006 ప్రపంచకప్ సంగతేంటి? అతనూ, మకెలెలే ఇద్దరూ 2005లో ఫ్రాన్స్ జట్టులోకి తిరిగొచ్చారు. క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్‌ని 1-0తో ఓడించిన రోజు జిదాన్‌కి 34 ఏళ్లు. అంత స్వేచ్ఛగా అతను ఆడిన మ్యాచ్‌లు తక్కువ. ఆరోజు అతని వెనక, మరో మిడ్‌ఫీల్డర్ వియెరా పక్కన ఉన్నది మకెలెలేనే.