పచ్చి సరుగుడు కట్టెలు: తూకంలో నీరెంత? మాఘానికి ఎండుతాయా?

పెందుర్తి వంటిల్లు
మాది పెందుర్తిలో చిన్న కేటరింగు. టిఫిన్లకు గ్యాస్ వాడతాం కానీ మూడొందల మందికి అన్నం, సాంబారు వండాలంటే మామగారి కాలం నుంచీ గాడిపొయ్యే. కార్తీక వనభోజనాల ఆర్డర్ల కోసం అడితి నుంచి సరుగుడు కట్టెలు దించుకున్నాం. కాటా చీటీలో సరిగ్గా 2,000 కిలోలు. తీరా పొయ్యిలో పెడితే ఒక చివర మండుతుంటే రెండో చివర నురగ కక్కుతోంది. ముప్పావుగంటలో మరిగే ఎసరుకు గంటన్నర పట్టింది. పొయ్యి దగ్గర ఉండే పెద్దావిడకు కళ్లు ఎర్రబడిపోయి, మూడు రోజులుగా దగ్గు. డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

అడితిలో అడిగితే "వానలు వెళ్లాక అన్ని కట్టెలూ ఇంతేనమ్మా" అన్నారు. ఈ రెండు టన్నుల్లో నీరెంతో ఇంట్లోనే కొలిచే దారి ఉందా? మాఘంలో పెళ్లిళ్లు ఒప్పుకున్నాను, అప్పటికి ఎండకపోతే ఎలా అని టెన్షన్. తేమ చూపించే మీటరు కొనమంటారా?

గాజువాక ల్యాబ్ మాస్టారు
అమ్మా, నేను పాతికేళ్లు బొగ్గుకు, కట్టెకు తేమ పరీక్షలు చేసినవాణ్ణి. మీటరు కన్నా మీ వంటింటి కాటా నమ్మకం. నాలుగైదు దుంగలను నడిమికి కోయండి. చివరలు ముందే ఆరిపోతాయి కాబట్టి అక్కడి పొట్టు వద్దు, నడిమి నుంచి రాలిన రంపపు పొట్టు 100 గ్రాములు తీసుకోండి. వెంటనే తూచాలి, అరగంట ఆగినా లెక్క తప్పుతుంది. కేకులు చేసే ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, దగ్గరే ఉండి, గంటకోసారి తూచండి. బరువు ఇక తగ్గడం లేదనుకున్నప్పుడు ఆపండి. తగ్గినన్ని గ్రాములే తేమ శాతం.

మీటరుతో ఒక చిక్కుంది. అది నీటిని ఎండు కట్టె బరువుతో పోల్చి చెబుతుంది, మనం మొత్తం బరువుతో పోలుస్తాం. మీటరులో 25 అంటే మన లెక్కలో 20. పైగా 30 దాటాక ఆ అంకెను నమ్మలేం. కొన్నా సరే, కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీదే సూదులు గుచ్చాలి.

కిలో నీరు మరిగే దాకా వేడెక్కడానికి దాదాపు 70 కిలో కేలరీలు, ఆవిరి కావడానికి ఇంకో 540 కావాలి. అదంతా మీ పొయ్యి వేడిలోంచే పోతుంది. పొయ్యి చల్లబడితే కట్టెలోంచి వచ్చే వాయువులు సగం మండి సగం పొగవుతాయి. ఆవిడ దగ్గు అందుకే.

పద్మనాభం రైతు
అక్కా, మాకు రెండెకరాల సరుగుడు తోట ఉంది. దుంగను దుంగలాగే ఉంచితే మాఘం కాదు, ఉగాదికి కూడా ఎండదు. బెరడు నీటిని బయటకు పోనివ్వదు. ముంజేతి కన్నా లావున్నవన్నీ గొడ్డలితో పేళ్లు చీల్చించండి. కూలి అవుతుంది కానీ ఎండడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

కింద ఇటుకలో పాత వాసాలో వేసి జానెడు ఎత్తున పేర్చండి. ఒకే వరసగా, గాలి దూరేలా. పైన మాత్రం రేకు వేసి పక్కలు వదిలేయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు మా తోట పడిపోయినప్పుడు, వానకు తడవకూడదని కుప్పంతా టార్పాలిన్‌తో నేల దాకా కప్పేశాం. నెల తర్వాత తీస్తే లోపలంతా బూజు, అడుగున చెదలు. అంత కట్టె నాశనమైంది, ఇప్పటికీ తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మీరు ఆ తప్పు చేయొద్దు.

మన సముద్రపు గాలికి ఎంత ఎండినా పదిహేను శాతానికి అటూ ఇటూ ఆగిపోతుంది. ఇరవైకి దిగితే వండుకోవచ్చు. పొయ్యి పక్కనే పేర్చి ఆరబెట్టడం మాత్రం వద్దక్కా, ఒక్క నిప్పురవ్వ చాలు.

డిపో పాతకాపు
ఈసారి బేరం తూకం మీద కాకుండా పేర్పు కొలత మీద ఆడండి. అటవీ డిపోల్లో వంటచెరకును మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తుగా పేర్చి కొలిచే పద్ధతి ఉంది. కట్టె ఎండినా కొలత పెద్దగా మారదు కాబట్టి నీటికి డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే ఆ పేర్పులో అసలు కట్టె 60, 65 శాతమే, మిగతాది సందు. వంకర కొమ్మలైతే ఇంకా తక్కువ. అందుకే పేర్చేటప్పుడు మీ మనిషి దగ్గర ఉండాలి.

పెందుర్తి వంటిల్లు
అందరికీ దండాలు. నిన్న పొట్టు పరీక్ష చేశాను. 100 గ్రాములు పెడితే 57 దగ్గర ఆగింది, అంటే 43 శాతం నీరు. 2,000 కిలోల్లో ఎండు కట్టె 1,140. ఇరవై శాతం తేమకు దిగేసరికి మొత్తం 1,425 కిలోలు తూగుతుంది. మిగతా 575 కిలోలు నేను కొన్న నీళ్లు! చీటీ వెనకాల ఈ లెక్క రాసి అడితి ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, వచ్చే లోడు పేర్పు కొలత మీద ఇస్తానన్నారు.

ఈరోజు నుంచి ఇద్దరు మనుషులు పేళ్లు చీలుస్తున్నారు. పేర్పులో అక్కడక్కడా ఆరు పేళ్లకు ఎర్ర రంగు పూసి బరువు రాసి పెట్టాను. రెండు కిలోల పేడు 1,425 గ్రాములకు దిగితే పొయ్యికి సిద్ధమన్నమాట. అప్పటిదాకా వంటంతా గ్యాస్ మీదే, ఖర్చయినా సరే. పెద్దావిడను కూరలు తరిగే వైపు కూర్చోబెట్టాను, దగ్గు కొంచెం తగ్గింది. ఆరు పేళ్ల బరువు ప్రతి ఆదివారం ఇక్కడ రాస్తాను. మాస్టారూ, ఎక్కడైనా లెక్క తప్పితే చెప్పండి.