స్వాష్‌బక్లర్‌ను మన భాషల ఏమనాలె? పోటుగాడా, మొనగాడా?

హన్మకొండ నుంచి:

అందరికీ నమస్తే. మా కాలనీ గ్రంథాలయం గోడకు ఒక నల్లబల్ల ఉన్నది. రోజుకొక మాట దాని మీద రాసుడు నా పని. ఒక ఇంగ్లిష్ మాట, పక్కన మన మాట, కింద రెండు లైన్ల వివరం. నాలుగు రోజుల కింద ‘స్వాష్‌బక్లర్’ అని రాసిన, కత్తి తిప్పుకుంట, నవ్వుకుంట సాహసాలు చేసే వీరుడన్నట్టు. పక్క జాగ ఇంకా ఖాళీగనే ఉన్నది. సుద్దముక్క పట్టుకొని పొద్దుగాల పోతున్న, పేపర్ చదువుకొని వస్తున్న.

ఈ మాట ఎందుకు వచ్చిందంటే, మేం ఆరుగురం శనివారం రాత్రి కూడి పాత ‘జోరో’ సీరియల్ చూస్తున్నం. 1957 అక్టోబరుల అమెరికాల ఏబీసీ ఛానల్‌ల మొదలైన డిస్నీవాళ్ల సీరియల్. నలుపు తెలుపు, ఒక్కొక్క భాగం అరగంట. 1820 నాటి లాస్ ఏంజెలెస్, అప్పుడది స్పెయిన్ ఏలుబడిల ఉన్నది. కోట అధికారి జనాన్ని పీడిస్తుంటడు. డాన్ డియెగో అనే భూస్వామి కొడుకు పగలంత పుస్తకాలు పట్టుకొని మెత్తగ తిరుగుతడు. రాత్రయితే నల్ల ముసుగు, టోర్నడో అనే నల్ల గుర్రం, చేతిల సన్న కత్తి. గై విలియమ్స్ వేసిండు ఆ వేషం. 78 భాగాలు నడిచి 1959ల ఆగిపోయింది.

ఆయన చేసేదాన్ని ఏమనాలె? ‘సాహసవీరుడు’ అంటే కొండ ఎక్కినోనికి కూడ చెల్లుతది, అందుల కత్తి లేదు. ‘కత్తివీరుడు’ అంటే కత్తి ఉన్నది గని ఆ నవ్వు లేదు. ఎదుటివాని కత్తిని ఎగరగొట్టి, నవ్వి, సలాం చేసి, గోడ దూకి గుర్రమెక్కి పోయే ఆ ఒడుపు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

హుజూరాబాద్ నుంచి:

పోటుగాడు, అన్నా. పోటు అంటే కత్తితోని పొడుసుడు. పొడుచు నుంచి పోటు, వేయు నుంచి వేటు. పోటుబంటు, పోటుమగడు అన్నవన్నీ వీరులకు పెట్టిన మాటలే. కత్తిపోటు, వెన్నుపోటు, గుండెపోటు ఇప్పటికీ అంటున్నం. పోట్లాటల ఉన్నది కూడ అదే పోటు. ఇంతకంటే కత్తికి దగ్గరి మాట తెలుగుల దొరకదు. రాసేయండి.

కరీంనగర్ నుంచి, తెలుగు పంతులమ్మ:

తమ్మీ, పుట్టుక నువ్వు చెప్పింది సరే. వాడుక కూడ చూడాలె గదా. మా బడిల పిల్లవాడు ఇంకొకన్ని ‘పెద్ద పోటుగాడు వచ్చిండు’ అన్నడంటే అది మెచ్చుకోలు కాదు, కొట్లాట మొదలైనట్టు. ‘నువ్వేం పొడిసినవ్?’ అని అడిగితే ఏమీ చెయ్యలేదని అర్థం. ఒకప్పుడు రణరంగంల నిలబడ్డ మాట ఇప్పుడు ఎత్తిపొడుపుకు మిగిలింది. ‘ఎత్తిపొడుపు’ల కూడ పొడుపే ఉన్నది చూడండి. బల్ల మీద జోరో పక్కన ‘పోటుగాడు’ అని రాస్తే చదివే పిల్లలు ఆయనను ఉత్త మాటల మనిషి అనుకుంటరు.

హన్మకొండ నుంచి:

మేడం, మీరు చెప్పింది చదివినంక స్వాష్‌బక్లర్ పుట్టుక మళ్లొకసారి చూసిన. ‘బక్లర్’ అంటే పిడికిట పట్టే చిన్న గుండ్రటి డాలు. ‘స్వాష్’ అంటే దెబ్బ తగిలిన చప్పుడు, కొట్టుడు. 16వ శతాబ్దంల ఇంగ్లండుల డాలు మీద కత్తితో కొట్టుకుంట వీధుల బీరాలు పలికేటోన్ని స్వాష్‌బక్లర్ అనేటోళ్లు. అంటే అది తిట్టు! తర్వాత నవలలు, సినిమాలు దాన్ని పైకి లేపినయి. వాళ్ల మాట బీరాలరాయుని దగ్గర మొదలై వీరుని దగ్గరికి నడిచింది. మన పోటుగాడు వీరుని దగ్గర మొదలై బీరాల దగ్గరికి దిగిండు. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతున్నది, నడుమ మెట్టు మీద రెండూ ఎదురుపడ్డయి. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నాళ్ల నుంచో మాటలు రాస్తున్న, ఇట్లాంటి జత నాకు ఇంతవరకు తగల్లేదు.

మంచిర్యాల నుంచి:

మా అమ్మకు ఈ గొడవే లేదు. తెర మీద ఎవరు కత్తి పట్టినా ‘కాంతారావు లెక్క తిప్పుతున్నడు’ అంటది. కోదాడ పక్క గుడిబండల పుట్టిన మనిషి, జానపద సినిమాలల్ల రాకుమారుని వేషాలు వేసీ వేసీ ‘కత్తి కాంతారావు’ అయిపోయిండు. 2009ల పోయిండు. ఇంటిపేరు స్థానంల ఆయుధం నిలిచిన నటుడు ఇంకొకరున్నరా?

ఇంకొక ముచ్చట. జోరోను మనోళ్లు ఎట్ల పలుకుతున్నరో విన్నరా? ‘జంతువు’ల జ కాదు, ‘జోరు’ల జ. నాలుక కొస పండ్లకు తగిలే దంత్య జకారం. ఆ ఇంగ్లిష్ జెడ్‌కు మన నోట్ల అన్నిటికంటే దగ్గర ఉన్నది అదే. జోరు అనేది ఫార్సీ ‘జోర్’ నుంచి వచ్చింది, బలం అని అర్థం. మా చిన్నోడు వాన్ని జోరు అనే పిలుస్తడు, నేను దిద్దలేదు.

జనగామ నుంచి:

అన్నలకు, అక్కలకు శనార్తి. మాట ఎవరి నోట్ల ఉన్నదో కూడ చూడాలె. మా ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న సంగతి తీసుకోండి. తల్లి కులవృత్తి చెయ్యమంటే కాదని దండు కట్టిండు, 1708ల మొహర్రం నాళ్లల్ల ఓరుగల్లు మీద పడ్డడు, 1710ల చంపిండ్రు. మొఘల్ దర్బారు రాతల్ల ఆయన దారిదోపిడి దొంగ. మా ఊర్లల్ల పాటగాళ్ల నోట సర్దార్. మనిషి ఒక్కడే.

జోరో కూడ అంతే గదా. కోట అధికారి గోడకు అంటించిన కాయితంల ఆయన బందిపోటు, తలకు వెల. ఊరోళ్లకు దిక్కు. చూడండి, ‘బందిపోటు’ల కూడ పోటు ఉన్నది! అధికారి నోట బందిపోటు, జనం నోట పోటుగాడు. పంతులమ్మగారు, మీరు చెప్పిన వెక్కిరింపు నిజమే గని, నాకు ఆ మాట మీద మనసు చావలేదు.

పెద్దపల్లి నుంచి:

అసలు ఆయన పేరే మనకు అడ్డం పడుతది. జోరో అంటే స్పానిష్‌ల నక్క. మొదటి భాగంలనే డియెగో తన మూగ సేవకుడు బెర్నార్డోకు ఒక సామెత చెప్తడు, సింహం తోలు కప్పుకోలేనప్పుడు నక్క తోలు కప్పుకోవాలని. ఖచ్చితంగ చెప్పాలంటే మనం ఉత్తగ నక్క అనేది వేరే జంతువు, పంచతంత్రంల కరటక దమనకులు అదే జాతి. ఆ స్పానిష్ జంతువుకు సరిపోయేది మన గుంటనక్క. ఇగ గుంటనక్క అని వీరున్ని అంటే ఊరుకుంటరా? నక్కజిత్తులు, నక్కవినయాలు అన్నీ తిట్లే. తోక తొక్కితే మటుకు అదృష్టం. అయినా ‘నక్కుడు’ అనే క్రియ నాకు మస్తు ఇష్టం. పెంకుల మీద నక్కి, చెవి ఒగ్గి విని, సమయం చూసి దుంకుడు. సీరియల్ల సగం అదే.

ఈ జిత్తులమారి వీరుడు మనకు కొత్త కాదు. దూరదర్శన్‌ల ఆదివారం పొద్దుగాల ‘చంద్రకాంత’ వస్తుంటే అందుల అయ్యార్లు ఉంటుండిరి. వేషం మార్చుడు, మత్తు చల్లుడు, కత్తి కూడ తిప్పుడు. అయ్యార్ అంటే ఉర్దూల టక్కరి. ఆ మాట మనం తీసుకుంటే ఎట్ల ఉంటది?

కరీంనగర్ నుంచి, తెలుగు పంతులమ్మ:

అయ్యార్ అని తెలుగు లిపిల రాస్తే పిల్లలు ‘అయ్యవారు’ అని చదువుతరు, వద్దు.

జగిత్యాల నుంచి:

నేను భాష చదువుకున్నోన్ని కాదు. మా నాయిన కర్రసాము నేర్పుతుండె. పీర్ల పండుగకు అలావ, అంటే నిప్పుల గుండం, చుట్టూ ఆడించేటోడు. పోటు, వేటు ముచ్చట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్త.

నేర్చుకునేటప్పుడు కర్ర కొసకు తడి సున్నం పెట్టేటోడు. ఇద్దరం ఆడినంక అంగీలు విప్పి దండెం మీద ఏసి, దీపం దగ్గర చూపెట్టేటోడు. పొడుగు గీత పడితే వేటు. చుక్క పడితే పోటు. ‘వేటు వచ్చేది కంటికి కనవడ్తది, చెయ్యి లేస్తది గదా. పోటు కనవడది, చుక్క పడ్డంకనే తెలుస్తది’ అనేటోడు. నా అంగీ మీద ఎప్పుడూ గీతలే. మా అన్న అంగీ మీద గుండెకాడ ఒకే ఒక్క చుక్క ఉండేది. నాయిన ఆ చుక్క మీద వేలు పెట్టి, ఏం మాట్లాడకుండ మా అన్న దిక్కు చూసేటోడు.

మీ జోరో గోడ మీద, తలుపు మీద కత్తి కొసతో మూడు గీతలు గీకి పోతడు గదా, జెడ్ అక్షరం. అది పోటు కాదు, వేటు కాదు. అది గీటు. చంపే సందు దొరికినా చంపకుండ గీటు పెట్టి ఇడిసిపెట్టుడు, అది అందరికంటె కష్టం. కొస మీద అంత పట్టు ఉండాలె. మా నాయిన ఉంటే ఆ సీరియల్ చూపెట్టేటోన్ని.

హన్మకొండ నుంచి:

జగిత్యాల అన్నా, మీకు దండం. వేయు–వేటు, పొడుచు–పోటు, గీయు–గీటు. మూడు మాటలు ఒకే వరుస. ఇన్ని రోజులు సీరియల్ చూసుకుంట ఆ మూడో మాట నా నోటికి రాలేదు. ఆయన పని మొత్తం కత్తి మొన మీదనే ఉన్నదని ఇప్పుడు తెలిసింది. అట్లయితే మాట మొనగాడు కాదా? మొన అంటే కత్తి కొస, సూది కొస. పాత తెలుగుల మొన అంటే సైన్యం కూడ, యుద్ధం కూడ. మొనలు తీర్చుడు అంటే బలగాన్ని యుద్ధానికి నిలుపుడు. కొస మీద పట్టు ఉన్నోడు, దండుకు ముందు నిలిచేటోడు, ఇద్దరూ ఒకే మాటల ఉన్నరు. మేడం, మీ బడి పిల్లలు దీన్ని కూడ ఎత్తిపొడుపుకు వాడుతున్నరా?

కరీంనగర్ నుంచి, తెలుగు పంతులమ్మ:

వాడుతరు, ‘నువ్వేమన్న మొనగానివా’ అని. కాని ‘లెక్కలల్ల మొనగాడు’ అని నిండు మనసుతో కూడ అంటరు. పోటుగానికి ఆ రెండోది పోయింది, మొనగానికి ఇంకా ఉన్నది. నాకు సమ్మతమే.

ఒక్కటి మటుకు దిద్దాలె సార్. మీరు మొదట్ల ‘1959ల ఆగిపోయింది’ అని రాసిండ్రు. ఆగుడు వేరు, ఆపుడు వేరు. చమురు అయిపోతే దీపం ఆరుతది, ఊదితే ఆర్పినట్టు. ఆ సీరియల్‌కు చూసేటోళ్లు తక్కువయ్యి ఆగలేదు. డిస్నీకి, ఏబీసీకి నడుమ హక్కుల మీద, పైసల మీద తగాదా పడింది. 1960, 61లల్ల గంట గంట నిడివివి నాలుగు తీసిండ్రు, అంతటితో సరి. తెలుగుల కర్తను దాచుడు అలకగ అవుతది, ఒక్క అక్షరం మార్చి ‘ఆగింది’ అంటే ఎవరూ చేయనట్టే ఉంటది. వీరుని వైపు నిలబడ్డోళ్లం మనమన్నా ‘ఆపిండ్రు’ అని రాయాలె. బల్ల మీద ‘అర్ధాంతరంగా’ అని రాస్తే ధకు ఒత్తు మరువకండి, సగంల అని గదా అర్థం. థ పెడితే వేరే మాట అయితది.

మంచిర్యాల నుంచి:

ఆపినోళ్లు ఆపిండ్రు గని, గై విలియమ్స్‌ను జనం ఇడువలేదు. 1973ల అర్జెంటీనా పోతే అక్కడ ఆయనను జోరోగనే నెత్తిన పెట్టుకున్నరు. చివరి రోజులల్ల అక్కడనే ఉన్నడు, 1989ల బ్యూనస్ ఏరీస్‌లనే పోయిండు. సీరియల్ ఆపి ముప్పై ఏండ్లయినంక కూడ ఆయన వాళ్లకు జోరోనే. మా అమ్మకు చెప్తే కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘మన కాంతారావు తీర్గనే’ అన్నది.

జనగామ నుంచి:

మొనగాడు అనే పెట్టండి అన్నా, నేను కూడ ఒప్పుకుంటున్న. కాని కింద వివరంల పోటు మాట రానియ్యండి. బందిపోటు అన్నది ఎవరు, పోటుగాడు అన్నది ఎవరు అని ఒక్క ముక్క.

హన్మకొండ నుంచి:

రేపు పొద్దుగాల రాసేది ఇది. తప్పుంటే రాత్రికే చెప్పండి.

స్వాష్‌బక్లర్: మొనగాడు. మొన అంటే కత్తి కొస. దండు, యుద్ధం అని కూడ. అంచుతో కొడితే వేటు, కొసతో పొడిస్తే పోటు, కొసతో గీస్తే గీటు. అధికారి బందిపోటు అన్నోన్ని ఊరు పోటుగాడు అన్నది. జోరో: 1957ల మొదలు, 78 భాగాలు, 1959ల అర్ధాంతరంగా ఆపిండ్రు.

రెండు లైన్లు దాటింది. బల్ల చిన్నది, అక్షరాలు సన్నగ రాస్త.