కౌవల్ సరస్సులో ఇప్పుడు నీళ్ళున్నాయా?

ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో, వెస్ట్ వయలాంగ్ దగ్గరున్న కౌవల్ సరస్సు గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పగలరా? మంచినీటి సరస్సే గానీ ఏటా నిండదు. బ్లాండ్ క్రీక్ బాగా పారినా, లాక్లన్ నది పొంగి ఇటు మళ్ళినా నిండుతుంది. వానలు మొహం చాటేస్తే అడుగంతా నెర్రెలిచ్చిన నేలే. 2022లో లాక్లన్‌కి పెద్ద వరదొచ్చింది కదా, ఆ నీళ్ళు ఇంకా మిగిలున్నాయా?

నాకు పక్షులంటే ప్రాణం. సగం మునిగిన లిగ్నమ్ (చిత్తడి నేలల్లో చిక్కగా పెరిగే మొక్క) పొదల మీద ఐబిస్‌లు (పొడవాటి వంపు ముక్కున్న నీటి పక్షులు) కొమ్మలు తొక్కి గూళ్ళు కట్టడం కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ కోరికో. సరస్సు నిండాక ఎన్ని నెలలకు గూళ్ళు పెడతాయి? నీళ్ళు ఉన్నట్టుండి తగ్గిపోతే గూళ్ళు వదిలేసి పోతాయంటారు, అక్కడ అలా జరగడం ఎవరైనా చూశారా? పక్కనే బంగారు గని కూడా ఉంది, మరి ఒడ్డుదాకా వెళ్ళాలంటే ఎవరిని అడగాలి?