‘ప్లీజ్ రివర్ట్’ బదులు ఏం రాయాలి?

మా టీమ్‌లో ప్రతి మెయిల్ చివర ‘ప్లీజ్ రివర్ట్ ఎట్ ది ఎర్లియెస్ట్’ అని రాయడం అందరికీ అలవాటు. త్వరగా జవాబివ్వండి అని మన ఉద్దేశం. మొన్న ఒక కోడ్ మార్పు గురించి ఇలాగే మెయిల్ వెళితే, అమెరికాలో ఉన్న క్లయింట్ ఇంజనీర్ ‘ఏ మార్పుని వెనక్కి తీసేయమంటారు?’ అని అడిగాడు. పాపం, అతన్ని అనడానికేం లేదు. కోడ్ మార్పులను నమోదు చేసి ఉంచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రివర్ట్ అంటే పాత మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్ (మార్పు నమోదు) పెట్టడమే కదా.

డిక్షనరీలో మొదటి అర్థం పాత స్థితికి తిరిగి వెళ్లడం. ఆస్తి తిరిగి అసలు యజమానికి చెందడం అనే లీగల్ అర్థమూ ఉంది. జవాబివ్వడం అనే వాడుక మన దగ్గరే కాదు, సింగపూర్, మలేషియాల్లోనూ ఉంది కాబట్టి తప్పని కొట్టిపారేయలేను. ‘రివర్ట్ బ్యాక్’ అంటే మాత్రం నాకు ఒళ్లు మంట.

ఇప్పుడు రిప్లై, రెస్పాండ్, ఆన్సర్, గెట్ బ్యాక్... వీటిలో ఏది ఎక్కడ వాడాలి? నాకు తెలిసినంతలో ‘రిప్లై టు ది మెయిల్’ అనాలి, ‘ఆన్సర్ ది మెయిల్’కి టు అక్కర్లేదు. రెస్పాండ్ మాటతోనే కాదు, చేతతో కూడా కావచ్చు. ‘గెట్ బ్యాక్ టు మి’ అంటే కనుక్కుని చెప్పమని. కానీ క్లయింట్ వైపు పెద్ద మేనేజర్‌కి అలా రాస్తే చనువు ఎక్కువైనట్టు ఉంటుందా?

అమెరికా, బ్రిటన్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి మెయిల్స్‌లో జవాబు ఎలా అడుగుతారో ఒకటి రెండు వాక్యాలు ఉన్నదున్నట్టు పెట్టగలరా?