సమస్య: నిప్పులోన నలుపు నీలమయ్యె

సమస్య ఇచ్చినవాణ్ణి: ఆటవెలది, చివరి పాదం పైదే. షరతు ఒక్కటే, చీనా వాళ్ళ నీలి పింగాణీ మీదే పూరించాలి. పోయినసారి అందరూ కృష్ణుడి దగ్గరికే పరిగెత్తారు, ఈసారి కుదరదు.

బందరు పిన్ని: బోణీ నాదే.

చీనదేశమందు చిత్రకారుడొకడు
మసిని బోలు రంగు మట్టి నద్ద
గాజుపూత పైన కప్పి కాల్చిన వేళ
నిప్పులోన నలుపు నీలమయ్యె

వరంగల్ మాస్టారు: పిన్నిగారూ, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదిరే అక్షరాలు) శుభ్రంగా ఉన్నాయి, మూడో పాదంలో గా-క కూడా చెల్లుతుంది. కోబాల్టు రంగు వేసేటప్పుడు బూడిద కలిసిన నలుపులాగే ఉంటుంది, దాదాపు 1300 డిగ్రీల సెల్సియస్ దగ్గర పైపూత కరిగి గాజయ్యాకే నీలం తేలుతుంది, అది మీకు బాగా దొరికింది. నా పేచీ అంతా ఆ "ఒకడు"తోనే. చీనా పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్‌లో గీత గీసేవాడు వేరు, లోపల రంగు నింపేవాడు వేరు. ఒక్క గిన్నె తయారు కావడానికి 72 చేతులు మారాలని 1637 నాటి చీనా పుస్తకంలో లెక్క ఉంది. "చిత్రకారులు గూడి" అనండి, గణాలు చెడవు.

డల్లాస్ బాబాయి: మీటింగులో మైకు మ్యూట్ చేసి రాశాను, చూసీచూడనట్టు పోండి.

పారసీక భూమి బుట్టిన ఖనిజము
కుంచె మొనను జేరి కొలువు దీర
మింగురాజు మెచ్చు మేలికూజా మీద
నిప్పులోన నలుపు నీలమయ్యె

వరంగల్ మాస్టారు: మొదటి పాదంలో యతి పోయింది, పా-కి బు చెల్లదు. "పంపిన ఖనిజము" అంటే సరి. విషయం మాత్రం గట్టిది. మింగ్ చక్రవర్తి షువాన్‌డె కాలంలో (1426–35) బయటినుంచి తెప్పించిన కోబాల్టులో ఇనుము ఎక్కువ, అందుకని రంగు చిక్కగా పడ్డచోట నల్లటి చుక్కలు మిగిలిపోయేవి, అంటే అక్కడ మన సమస్యే అబద్ధమైంది! తమాషా ఏమిటంటే 18వ శతాబ్దంలో ఆ పాత్రలకు నకళ్ళు చేసినవాళ్ళు ఆ చుక్కల్ని కుంచెతో పనిగట్టుకుని పెట్టారు.

బందరు పిన్ని: మింగురాజు అనగానే ఎవర్ని మింగాడా అనుకున్నా.

డల్లాస్ బాబాయి: మింగ్ వంశం పిన్నిగారూ!!

అనకాపల్లి కుర్రాడు: బ్రిటిష్ మ్యూజియంలో 1351 నాటి జాడీల జత ఉంది కదా, మెడ మీద తేదీతో సహా రాసి ఉన్నవి, వాటి మీద:

అయిదు గోళ్ళ డ్రాగనాకసమందున
నెగిరినట్టు గీసి యెదురుచూచె
కుంచె పట్టినట్టి కూలివాడు, తుదకు
నిప్పులోన నలుపు నీలమయ్యె

బందరు పిన్ని: ఆ ఎదురుచూపు బాగుంది నాయనా. బట్టీ తెరిచేదాకా వాడికెంత టెన్షనో.

వరంగల్ మాస్టారు: సంధిలో అ-ఆ యతి దాచావు, శభాష్. కానీ అయిదు గోళ్ళంటే చక్రవర్తి డ్రాగన్. నువ్వు చెప్పిన జాడీలు గుడికి సమర్పించినవి, వాటి మీద గోళ్ళు నాలుగే. "నాల్గు గోళ్ళ" అని మార్చు, నా-నా యతి కూడా కళ్ళెదుటే ఉంటుంది.

అనకాపల్లి కుర్రాడు: ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టాను సార్. నాలుగే.